నాడి తప్పితే స్కాన్ ఎందుకు ఆగింది?

కందుకూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి నెల్లూరు వస్తే, మా పెదనాన్నకు సీటీ యాంజియో (గుండె రక్తనాళాలను ఎక్స్‌రేలతో బొమ్మ తీసే స్కాన్) తీయకుండానే పంపించేశారు. నాడి నిలకడగా లేదట, బొమ్మలు సరిగా రావట. "గుండె బాగోలేదనే కదా వచ్చింది, బాగున్నోళ్లకే తీస్తారా?" అని దారిపొడవునా సణుగుతూనే ఉన్నారు. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది.

1971లో లండన్‌లో తొలిసారి మనిషికి సీటీ తీసింది తలకు. ఒక్కో బొమ్మకు నిమిషాలు పట్టినా తల కదలదు కాబట్టి సరిపోయింది. గుండె అలా కాదు. దాని మీది రక్తనాళాల లావు మూడు నాలుగు మిల్లీమీటర్లు, అవీ క్షణం ఆగవు. 1998లో నాలుగు స్లైసుల (చుట్టుకు నాలుగు పలుచని అడ్డకోత బొమ్మలు తీసే) మిషన్లు, 2004లో 64 స్లైసులవి వచ్చాకే గుండె సీటీ మామూలు ఆసుపత్రుల దాకా చేరింది.

మన దగ్గర బోర్డుల మీద రాసేది ఈ స్లైసుల లెక్కే. కానీ ఒక చుట్టులో ఎంత మేర పడుతుందన్నదే అది చెబుతుంది. బొమ్మ చెదరకపోవడం ఎక్స్‌రే గొట్టం తిరిగే వేగాన్ని బట్టి ఉంటుంది. చుట్టుకు 0.33 సెకను అయితే, సగం చుట్టుతో వచ్చే ఒక్కో బొమ్మకు 165 మిల్లీసెకన్లు కావాలి. నాడి 60 దగ్గరుంటే రెండు దెబ్బల మధ్య గుండె కాస్త నెమ్మదించే సందు దొరుకుతుంది. ముందుగా మెటోప్రొలాల్ ఇచ్చి నాడి తగ్గించేది అందుకే.

లయ తప్పితే ఆ సందు ఎప్పుడొస్తుందో తెలీదు. పైగా 64 స్లైసుల మిషన్ నాలుగైదు దెబ్బల్లో ముక్కలుగా తీసి అతుకుతుంది. రెండు చీర ముక్కలు కుట్టేటప్పుడు జరీ అంచు కలవనట్టు, నాళం మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. అక్కడ బ్లాకు ఉందో అతుకు ఉందో తేల్చడం కష్టం. తొలి రోజుల అధ్యయనాల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు అదిరి లయ తప్పే జబ్బు) ఉన్నవాళ్లను పక్కన పెట్టడం మామూలే.

2005లో రెండు గొట్టాల మిషన్ వచ్చి ఒక్కో బొమ్మ సమయాన్ని 83 మిల్లీసెకన్లకు దించింది. 2007 నాటి, ఎక్స్‌రేలను అందుకునే డిటెక్టర్లు 320 వరుసలున్న మిషన్ 16 సెంటీమీటర్లు, అంటే గుండె మొత్తాన్ని, ఒక్క దెబ్బలో పట్టేసింది. అతుకు గొడవే లేదు. నాకు అంతకన్నా నచ్చింది డాక్టర్ల ఉపాయం. లయ తప్పినప్పుడు బాగా మారేది గుండె సడలే సమయం, ముడుచుకునే సమయం కాదు. కాబట్టి ముడుచుకోవడం పూర్తయ్యే ఘడియలో తీస్తే చాలాసార్లు బొమ్మ నిలుస్తుంది. ఏ దెబ్బ పనికొస్తుందో తెలియక ఎక్కువసేపు తీస్తే మాత్రం రేడియేషన్ పెరుగుతుంది.

వేగం పెరిగినా, నాళాలు కనిపించడానికి నరంలోకి ఎక్కించే డై తప్పలేదు. అది కిడ్నీలకు ఇబ్బంది చేయొచ్చు. ఫ్లోరైడ్ నీళ్ల కనిగిరి వైపు కిడ్నీల భయం పాతదే. అక్కడివాళ్లకు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు ముందు చూడాల్సిందే.

పెదనాన్నకు చివరికి చెన్నైలో రెండు గొట్టాల మిషన్ మీద తీశారు. ఆస్తమా ఉందని మెటోప్రొలాల్ ఇవ్వలేదు. "ఊపిరి బిగబట్టమన్నారు, వదలమన్నారు, అంతే. దీనికా అప్పుడు వెనక్కి పంపింది?" అన్నారు బయటికొచ్చి.