ఎదుట శత్రువు, వెనక కాపర్‌హెడ్: అమెరికా అంతర్యుద్ధంలో సిపాయి కోపానికి నేపథ్యం

1862 డిసెంబరులో వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలతో పోరాడుతున్న యూనియన్ సైన్యం, అంటే ఉత్తరాది సైన్యం, చావుదెబ్బ తింది. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి 12 వేలమందికి పైనే. ఆ చలికాలమంతా రెండు సైన్యాలూ రాపహానాక్ నదికి చెరో ఒడ్డున మకాం వేశాయి. కాపలా కాసే సిపాయిలు అధికారుల కన్నుగప్పి సరుకులు మార్చుకునేవాళ్లు. ఉత్తరాది వాళ్ల దగ్గర కాఫీ ఉండేది, దక్షిణాది వాళ్ల దగ్గర పొగాకు. చిన్న చెక్క పడవల్లో పెట్టి అవతలి ఒడ్డుకు వదిలేవాళ్లు. శత్రువుతో ఇలా బేరాలాడిన సిపాయిలే ఇంటికి ఉత్తరం రాసేటప్పుడు మాత్రం, సొంత ఊళ్లో యుద్ధం ఆపమని మీటింగులు పెట్టేవాళ్లను ఉరి తీయాలన్నంత కోపంగా రాసేవాళ్లు.

ఆ మీటింగులు పెట్టేవాళ్లకు పడిన పేరు కాపర్‌హెడ్. అదొక విషప్పాము. బుస కొట్టకుండా, హెచ్చరిక లేకుండా కాటేస్తుందని దానికి పేరు. తిట్టుగా మొదలైన ఆ మాటను కొందరు గర్వంగానే తగిలించుకున్నారు. రాగి నాణెం మీది స్వేచ్ఛాదేవి తలను కత్తిరించి కోటుకు బ్యాడ్జీగా పెట్టుకున్నారు.

వీళ్లంతా దక్షిణాదికి అమ్ముడుపోయినవాళ్లేమీ కాదు. అప్పటి ప్రతిపక్షమైన డెమొక్రాటిక్ పార్టీలో యుద్ధాన్ని సమర్థించే వర్గం ఒకటుంది, చర్చలతో ముగించమనే వర్గం ఇంకొకటి. రెండో వర్గానికి ఒహైయో, ఇండియానా, ఇల్లినాయి రాష్ట్రాల దక్షిణ భాగాల్లో బలం ఎక్కువ. అక్కడి కుటుంబాల్లో చాలా వాటి మూలాలు కెంటకీ, వర్జీనియాల్లో ఉన్నాయి. మిసిసిపీ నది మూసుకుపోవడంతో రైతుల వ్యాపారం దెబ్బతింది. దానికితోడు 1862 సెప్టెంబరులో రెండు రోజుల తేడాతో రెండు ప్రకటనలు వచ్చాయి. 22న అధ్యక్షుడు లింకన్ బానిసల విముక్తి సంగతి ప్రకటించాడు. 24న సైన్యంలో చేరికలను అడ్డుకునేవాళ్లకు హెబియస్ కార్పస్ హక్కు, అంటే నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కు, వర్తించదన్నాడు. యూనియన్‌ను నిలబెట్టడానికి అని మొదలైన యుద్ధం నల్లవాళ్ల కోసం జరిగే యుద్ధంగా మారిందని కాపర్‌హెడ్‌ల ఆరోపణ. అందులో జాతి ద్వేషం పుష్కలంగా ఉంది, దాన్ని దాచి చెప్పనక్కర్లేదు. విచారణ లేకుండా జైల్లో పెడుతున్నారన్న వాళ్ల ఫిర్యాదు మాత్రం నిజమే.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. విముక్తి ప్రకటన సైనికులందరికీ నచ్చలేదు. దక్షిణ ఇల్లినాయి నుంచి వచ్చిన 109వ రెజిమెంటులో అసంతృప్తి ఎంత ముదిరిందంటే 1863 ఏప్రిల్‌లో దాన్ని రద్దు చేసేశారు. మిగతాచోట్ల కూడా గొణిగినవాళ్లు తక్కువేం కాదు. అయినా అదే చలికాలంలో ఇండియానా, ఇల్లినాయి రెజిమెంట్లు గుడారాల్లో సమావేశమై, తమ రాష్ట్రాల్లో డెమొక్రాట్ల చేతికొచ్చిన చట్టసభలను దుయ్యబడుతూ తీర్మానాలు చేసి పంపాయి.

సిపాయి లెక్క రాజ్యాంగంతో ముడిపడింది కాదని నాకనిపిస్తుంది. ఇంటి దగ్గర ఒకడు సైన్యంలో చేరకపోతే ఆ బరువు తన భుజం మీదే పడుతుంది. "ఈ యుద్ధం గెలిచేది కాదు, వచ్చెయ్" అని ఇంటి నుంచి ఉత్తరం వస్తే పక్క గుడారంలోవాడు రాత్రికి రాత్రి మాయమవుతాడు. అన్నిటికీ మించి, యుద్ధం వృథా అన్నవాడు నిన్న తన పక్కన పడిపోయినవాడి చావు కూడా వృథా అన్నట్టే కదా. 1863 జనవరిలో లింకన్ కూడా యుద్ధరంగంలో జరిగేదానికన్నా "వెనక నుంచి వచ్చే కాల్పుల"కే ఎక్కువ భయపడుతున్నానని సెనేటర్ చార్ల్స్ సమ్నర్‌తో అన్నాడు.

మార్చి 3న వచ్చిన నిర్బంధ సైనిక సేవా చట్టం ఇంకా మంట పెట్టింది. 300 డాలర్లు కడితే ఆ విడత మినహాయింపు దొరికేది. సిపాయి జీతం నెలకు 13 డాలర్లు, అంటే దాదాపు రెండేళ్ల జీతం. జులైలో న్యూయార్క్ నగరంలో దీనిమీద అల్లర్లు చెలరేగి వందమందికి పైగా చనిపోయారు. నల్లజాతి వాళ్లను వెంటాడి చంపారు. అణచడానికి పంపిన దళాల్లో కొన్ని గెటిస్‌బర్గ్ యుద్ధం ముగించుకుని వచ్చినవే.

ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఓడిన జనరల్ బర్న్‌సైడ్‌నే తర్వాత ఒహైయో ప్రాంతానికి అధిపతిగా పంపారు. శత్రువు పట్ల సానుభూతి ప్రకటించేవాళ్లను అరెస్టు చేస్తామని ఏప్రిల్‌లో 38వ నంబరు ఉత్తర్వు ఇచ్చాడు. మాజీ కాంగ్రెస్ సభ్యుడు క్లెమెంట్ వలాండిగమ్ మే 1న ఒక సభలో ఆ ఉత్తర్వునే తిట్టిపోశాడు. మామూలు బట్టల్లో వచ్చిన సైనికాధికారులు జనంలో నిలబడి ఆ ప్రసంగాన్ని రాసుకున్నారు. నాలుగు రోజులకు డేటన్‌లోని ఆయన ఇంటి తలుపులు పగలగొట్టి పట్టుకెళ్లారు. సైనికాధికారులే విచారించే సైనిక కమిషన్ జైలుశిక్ష వేస్తే లింకన్ దాన్ని బహిష్కారంగా మార్చి దక్షిణాది వాళ్లకు అప్పగించాడు. ఆ సందర్భంలోనే లింకన్ అడిగాడు: పారిపోయిన అమాయకపు కుర్ర సిపాయిని కాల్చి చంపాలి గానీ, వాణ్ణి పారిపొమ్మని ఉసిగొల్పిన జిత్తులమారి తల వెంట్రుక కూడా ముట్టుకోకూడదా అని. శిబిరాల్లో కూర్చున్నవాడి మనసులో మాట అది.

వలాండిగమ్ కెనడా చేరి, అక్కడి నుంచే ఒహైయో గవర్నర్ పదవికి పోటీ చేశాడు. 1863 అక్టోబరులో దాదాపు లక్ష ఓట్ల తేడాతో ఓడిపోయాడు. సైనికుల ఓట్లలో ప్రత్యర్థి జాన్ బ్రౌకు 41 వేలకు పైగా వస్తే ఈయనకు 2,300 కూడా రాలేదు.

కోపం ఓటు దగ్గరే ఆగలేదు. 1863 మార్చిలో ఒహైయోలోని కొలంబస్‌లో సైనికులు ఒక కాపర్‌హెడ్ పత్రిక ఆఫీసును ధ్వంసం చేశారు. 1864 మార్చి 28న ఇల్లినాయిలోని చార్ల్‌స్టన్‌లో సెలవు మీద వచ్చిన సిపాయిలకూ కాపర్‌హెడ్‌లకూ మధ్య కోర్టు ఆవరణలోనే తుపాకులు పేలి తొమ్మిదిమంది చనిపోయారు. దక్షిణాదిలోనూ ఇదే వరస. 1863 సెప్టెంబరులో నార్త్ కరోలినాలోని రాలీ మీదుగా వెళ్తున్న జార్జియా సైనికులు, శాంతి కోరుతున్న విలియం హోల్డెన్ పత్రిక ఆఫీసు మీద పడ్డారు. మర్నాడు హోల్డెన్ మనుషులు వెళ్లి యుద్ధాన్ని సమర్థించే పత్రికను పగలగొట్టారు.

1864 అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్ల అభ్యర్థి జార్జి మెక్‌లెలన్. ఒకప్పుడు సైనికులు ప్రాణంగా చూసుకున్న సేనాపతి. కానీ యుద్ధం విఫలమైందని చెప్పే తీర్మానాన్ని వలాండిగమ్ బృందం పార్టీ ప్రణాళికలోకి ఎక్కించింది. మెక్‌లెలన్ ఆ మాటను ఒప్పుకోకపోయినా మరక పోలేదు. విడిగా లెక్కించిన సైనికుల ఓట్లలో లింకన్‌కు సుమారు 78 శాతం వచ్చాయి. దేశం మొత్తమ్మీద వచ్చింది 55 శాతం. ఇండియానా తన సైనికులకు యుద్ధరంగంలో ఓటుహక్కు ఇవ్వలేదు కాబట్టి, వీలైనంతమందిని ఇంటికి పంపమని లింకన్ జనరల్ షెర్మన్‌కు ఉత్తరం రాయాల్సి వచ్చింది.

ఈ అంకెలను చూసి సిపాయిలంతా ఒక్కమాట మీద ఉన్నారనుకోవడం తొందరపాటే. అధికారుల కళ్లెదుట ఓటేయడం ఎంత స్వేచ్ఛగా ఉంటుందో ఊహించుకోవచ్చు. అసలు ఓటే వేయని డెమొక్రాట్ సైనికులూ ఉన్నారు.

సివిల్ కోర్టులు నడుస్తున్నచోట పౌరులను సైనిక కమిషన్లు విచారించకూడదని సుప్రీంకోర్టు 1866లో సైనిక కమిషన్ శిక్ష వేసిన ఇండియానా పౌరుడు లాంబ్డిన్ మిలిగన్ కేసులో తేల్చింది. అదే ఏడాది ఇల్లినాయిలో మాజీ సైనికుల సంఘం పుట్టింది. ఆ తర్వాత ఎన్నికల్లో లింకన్ పార్టీ వాళ్లు, అంటే రిపబ్లికన్లు, ఆ మాజీ సైనికుల దగ్గరికి ఒకే నినాదంతో వెళ్లేవాళ్లు: "ఆనాడు ఎటు కాల్చారో ఇవాళ అలాగే ఓటేయండి."