వెబ్ అడ్రసు, గూగుల్ ర్యాంకు: ఒడిశా సరిహద్దు ఊళ్లలో వినిపించే అపోహలు - వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఊళ్లలో తెలుగువాళ్లు నడిపే బట్టల షాపులు, కోచింగ్ సెంటర్లు, డయాగ్నస్టిక్ ల్యాబులు, ఫంక్షన్ హాళ్లు ఇప్పుడు వరసగా వెబ్‌సైట్లు పెట్టిస్తున్నాయి. సైటు మాట ఎత్తగానే వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ పేరు తీసుకుంటే గూగుల్‌లో పైకొస్తాం?"

సైటుకు కొనుక్కునే ఈ పేరునే డొమైన్ అంటారు. పేరు వల్ల పైకి రారు. కానీ పేరు సరిగ్గా ఎంచుకోకపోతే నష్టం మాత్రం గట్టిగానే తగులుతుంది. మీ కోసం వెతికినవాళ్లు ఇంకో సైటుకు పోతారు, రెండేళ్లకే పేరు మార్చాల్సి వస్తుంది, ఒక్కోసారి పేరే చేజారిపోతుంది. తెలుగు, ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు ఒకే పేరును ముగ్గురూ మూడు రకాలుగా టైపు చేసే ప్రాంతం మనది. అందుకే ఇక్కడ మరింత జాగ్రత్త కావాలి.

అపోహ: డొమైన్‌లో సరుకు పేరు, ఊరి పేరు కలిపి పెడితే ఆ మాటలు వెతికినవాళ్లకు మనమే ముందు కనిపిస్తాం

ఒకప్పుడు ఇందులో కొంత నిజం ఉండేది. జనం వెతికే మాటనే డొమైన్‌గా కొనేసి, లోపల నాలుగు ముక్కలు రాసి వదిలేసిన సైట్లు కూడా పైన కూర్చునేవి. 2012 సెప్టెంబరులో గూగుల్ సరిగ్గా అలాంటి నాసిరకం సైట్ల మీదే గురిపెట్టి మార్పు తెచ్చింది. డొమైన్‌లోనో అడ్రసులోనో కీవర్డులు (జనం వెతికే మాటలు) ఉన్నంత మాత్రాన ర్యాంకు మీద ప్రభావం దాదాపు ఏమీ ఉండదని ఇప్పుడు గూగుల్ తన ఎస్‌ఈఓ (గూగుల్‌లో పైకొచ్చే పద్ధతుల) ప్రాథమిక గైడులోనే చెబుతోంది. అలాంటి పేరున్న సైటు ఏదైనా ఇవాళ పైన కనిపిస్తుంటే, లోపలి సమాచారం, దానికి ఇతరులు ఇచ్చిన లింకులు చూడండి. కారణం అక్కడ దొరుకుతుంది.

ఊరి పేరుతో మనకు ఇంకో చిక్కు ఉంది. బరంపురాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొందరు బెర్హంపూర్ అని, కొందరు బ్రహ్మపూర్ అని రాస్తారు. రైల్వే స్టేషన్ పేరు బ్రహ్మపూర్. పశ్చిమ బెంగాల్‌లో బహరంపూర్ అనే మరో పట్టణం ఉంది, దాని పాత ఇంగ్లీషు స్పెల్లింగూ దాదాపు ఇలాగే ఉంటుంది. జయపురం సంగతి ఇంకా ఇబ్బంది. 'జె ఈ వై పి ఓ ఆర్ ఈ' అని కొట్టాల్సిన చోట విన్నవాళ్లు రాజస్థాన్ జైపూర్ స్పెల్లింగ్ కొడతారు. పర్లాకిమిడికి మనం పలికే స్పెల్లింగ్ ఒకటి, ప్రభుత్వ కాగితాల్లో పరలాఖేముండి అని మరొకటి. వీటిలో ఏది డొమైన్‌లో పెట్టినా మిగతావి కొట్టినవాళ్లు దారి తప్పుతారు.

ఊరి పేరు ఉండాల్సిన చోటు పేజీ. గూగుల్ ఫలితాల్లో శీర్షికగా కనిపించే టైటిల్ ట్యాగ్‌లో "పెళ్లి పట్టు చీరలు, బరంపురం" అని, తర్వాత మీ షాపు పేరు. మొదటి హెడ్డింగులో మళ్లీ ఊరి పేరు. పేజీ అడుగున వీధి, ఊరు, గంజాం జిల్లా, పిన్ 760001 అని పూర్తి చిరునామా. రెండో స్పెల్లింగ్‌ను ఒక వాక్యంలో సహజంగా ఒక్కసారి వాడితే చాలు. పది స్పెల్లింగులు వరసగా పేర్చితే అది కీవర్డులు కుక్కడం కిందికి వస్తుంది.

"దగ్గర్లో ల్యాబ్" అని వెతికేవాళ్లకు మ్యాపులో కనిపించాలంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కావాలి. అది ఉచితం. అక్కడ వరసను నిర్ణయించేవి మూడు: వెతికినదానికి మీరు ఎంత సరిపోతారు, ఎంత దూరంలో ఉన్నారు, ఎంత పేరున్న సంస్థ. ప్రొఫైల్లో షాపు పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయండి. "బెస్ట్", "నంబర్ వన్", ఊరి పేరు కలిపి రాయడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు.

అపోహ: ఊరికో డొమైన్ కొంటే అన్ని ఊళ్లలోనూ మనమే

ఇది అమ్మేవాళ్లకు లాభం, కొనేవాళ్లకు నష్టం. ఒకే షాపుకు ఐదు ఊళ్ల పేర్లతో ఐదు డొమైన్లు కొని, ఊరి పేరు మాత్రం మార్చి అదే పేజీని అన్నింటిలో పెడతారు. దీన్ని గూగుల్ డోర్‌వే పేజీలంటుంది. స్పామ్ విధానాల్లో పేరు పెట్టి మరీ నిషేధించిన పద్ధతి ఇది. డొమైన్లన్నింటికీ ఏటా రెన్యువల్ కట్టాలి. వచ్చే లింకులు ఐదు చోట్లకు చీలిపోతాయి.

ఒక్క డొమైన్ తీసుకోండి. నిజంగా బ్రాంచి ఉన్న ఊరికి మాత్రమే ఒక పేజీ పెట్టండి. ఆ పేజీలో ఆ బ్రాంచి ఫోన్ నంబరు, పనివేళలు, బస్టాండు నుంచి ఎలా రావాలో, అక్కడ మాత్రమే దొరికేదేమిటో ఉండాలి. పక్క పేజీ నుంచి కాపీ చేయకుండా రాయడానికి సమాచారం లేదంటే ఆ పేజీ అవసరం లేనట్టే.

అపోహ: పేరు బాగుంటే చాలు, స్పెల్లింగ్ జనమే చూసుకుంటారు

ఈ ప్రాంతంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. తెలుగువాళ్లం 'త'కు 'టి హెచ్' రాస్తాం, ఒడియావాళ్లు ఉత్త 'టి' రాస్తారు. మన వసంత వాళ్ల దగ్గర బసంత, మన విజయ్ వాళ్ల బిజయ్, మన విష్ణు వాళ్ల బిష్ణు. లక్ష్మిని మనలో చాలామంది 'కె ఎస్ హెచ్'తో రాస్తే, అటువైపు 'ఎక్స్'తో రాయడం మామూలు. "వసంత లక్ష్మి" అని డొమైన్ పెట్టుకుంటే మొదటి అక్షరం రెండు రకాలు, 'త' రెండు రకాలు, 'క్ష' రెండు రకాలు. మొత్తం ఎనిమిది స్పెల్లింగులయ్యాయి! అందులో ఒక్కటే మీది.

డొమైన్ కొనేముందు ఈ పరీక్ష చేయండి. ఇద్దరు తెలుగువాళ్లకు, ఇద్దరు ఒడియావాళ్లకు, ఒక హిందీ మాట్లాడే వ్యక్తికి ఫోన్ చేసి పేరు ఒక్కసారి చెప్పండి. అక్షరాలు విడగొట్టి చెప్పొద్దు. విన్నది వాట్సాప్‌లో టైపు చేసి పంపమనండి. ఐదుగురిలో నలుగురైనా ఒకేలా కొడితే ఆ పేరు పనికొస్తుంది. లేకపోతే 'వ', 'త', 'క్ష', 'శ', 'ళ' లేని చిన్న పేరు చూడండి. అమ్మమ్మ పేరో ఇలవేల్పు పేరో పెట్టి తీరాలంటే, ఎక్కువగా వచ్చిన తప్పు స్పెల్లింగ్‌ను కూడా కొని, దాన్ని అసలు డొమైన్‌కు 301 రీడైరెక్ట్ చేయండి, అంటే అది కొట్టినవాళ్లు శాశ్వతంగా అసలు సైటుకే మళ్లేలా పెట్టండి. ఒక్కటి చాలు, ఎనిమిదీ కొనక్కర్లేదు.

డొమైన్‌లో చుక్కల మధ్య ఒక్కో భాగం 63 అక్షరాల దాకా ఉండొచ్చు, కానీ 15 దాటితే ఫోన్‌లో చెప్పడమే కష్టం. అంకెలు వద్దు. "ఫోర్" అంటే అంకె వేయాలా, అక్షరాల్లో రాయాలా అని అడుగుతారు. హైఫన్ ర్యాంకును తగ్గించదు, అయితే నోటితో చెప్పేటప్పుడు మర్చిపోతారు.

అపోహ: డాట్ కామ్ అయితేనే ర్యాంకు, డాట్ ఇన్ తక్కువ రకం

కాదు. డాట్ ఇన్ మన దేశపు కోడ్ కాబట్టి, సైటు భారతదేశంలోని వాళ్ల కోసమని గూగుల్‌కు అదొక స్పష్టమైన సూచన. గిరాకీ అంతా ఇచ్ఛాపురం, పలాస, పార్వతీపురం, కొరాపుట్ చుట్టూ ఉన్నప్పుడు డాట్ ఇన్‌కు మించి కావాల్సింది లేదు. విదేశాలకు కూడా పంపేవాళ్లయితే డాట్ కామ్ తీసుకోవచ్చు. డాట్ షాప్, డాట్ ఆన్‌లైన్ లాంటి కొత్త ముగింపుల్లోని మాటలకు ర్యాంకులో లాభమూ లేదు, నష్టమూ లేదు. కొన్ని మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి రెండో ఏడాది బాగా పెంచుతారు. కొనే పేజీలో రెన్యువల్ ధర ఎంతో చూశాకే డబ్బు కట్టండి.

తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది. రెండో అడ్రసుగా సంతోషంగా తీసుకోవచ్చు. అసలు అడ్రసుగా మాత్రం ఇక్కడ వద్దని మా సలహా, తెలుగు చదవలేని ఒడియా ఖాతాదారు దాన్ని టైపు చేయలేరు.

అపోహ: అడ్రసులో తెలుగు అక్షరాలుంటే తెలుగు వెతుకులాటల్లో ముందుంటాం

పేజీ ఏ భాషలో ఉందో గూగుల్ అందులోని పాఠాన్ని చూసి గుర్తిస్తుంది. అడ్రసులో తెలుగు పెట్టడం తప్పు కాదు, గూగుల్ చదవగలదు. ఇబ్బంది పంచుకునేటప్పుడు వస్తుంది. తెలుగులో ఒక్కో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న విడివిడిగా మూడేసి బైట్లు. అడ్రసులో ఎన్‌కోడ్ అయ్యాక (ఒక్కో బైటు ఒక శాతం గుర్తు, మరో రెండు గుర్తులుగా మారాక) ఒక్కోటి తొమ్మిది గుర్తులవుతుంది. "పెళ్లి" అన్న మాటలో ప, ఎత్వం, ళ, పొల్లు, ల, గుడి అని ఆరు ముక్కలున్నాయి, అంటే 54 గుర్తులు. "పెళ్లి-పట్టు-చీరలు" మొత్తం 146. కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే చాలాసార్లు శాతం గుర్తులతో నిండిన పొడవాటి తోక కనిపిస్తుంది. దాన్ని చూసి మోసపు లింకేమో అని నొక్కరు.

వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) మరో ఇబ్బంది. అది పోస్టు శీర్షిక నుంచి అడ్రసును తనే తయారు చేస్తుంది, ఎన్‌కోడ్ అయ్యాక 200 గుర్తుల దగ్గర కోసేస్తుంది. "బరంపురం పెళ్లి పట్టు చీరలు" అని శీర్షిక పెడితే 210 అవుతుంది. చివరి "లు" ఎగిరిపోయి "చీర" దగ్గర ఆగుతుంది. ఇంకాస్త పొడవైన శీర్షికైతే సగం మాట దగ్గర తెగుతుంది.

పబ్లిష్ నొక్కేముందు పక్క ప్యానెల్లో స్లగ్ (అడ్రసులో డొమైన్ తర్వాత వచ్చే పేజీ పేరు) తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు మాటలు మీరే రాయండి: "పెళ్లి-పట్టు-చీరలు" అన్నదే ఇంగ్లీషు అక్షరాల్లో. మాటల మధ్య హైఫన్ పెట్టండి, అండర్‌స్కోర్ వద్దు, గూగుల్ సలహా కూడా అదే. అన్నీ చిన్న అక్షరాలే వాడండి. డొమైన్ భాగంలో పెద్దా చిన్నా తేడా లేదు, కానీ దాని తర్వాతి భాగంలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం రెండు వేర్వేరు అడ్రసులు. ఇప్పటికే తెలుగు స్లగ్గులతో నడుస్తున్న పాత పోస్టుల జోలికి పోకండి. వాటిని మారిస్తే వచ్చే లాభం కన్నా తెగే లింకుల నష్టం ఎక్కువ.

అపోహ: తెలుగు, ఒడియా పేజీలకు వేరువేరు డొమైన్లు కావాలి

ఒకే డొమైన్‌లో భాషకో ఫోల్డర్ చాలు. తెలుగుకు కోడ్ 'టి ఈ', ఒడియాకు 'ఓ ఆర్'. హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగులు (పేజీకి ఏయే భాషల్లో రూపాలున్నాయో గూగుల్‌కు చెప్పేవి) పెట్టేటప్పుడు ప్రతి పేజీ తన మిగతా భాషల రూపాలను, తనను కూడా పేర్కొనాలి. తెలుగు పేజీ ఒడియా పేజీని చూపించి, ఒడియా పేజీ తిరిగి చూపించకపోతే గూగుల్ ఆ జతను వదిలేస్తుంది. చాలా సైట్లలో కనిపించే లోపం ఇదే.

చూసేవాళ్లు ఒడిశాలో ఉన్నారు కాబట్టి ఒడియా పేజీకే తోసేయడం ఇంకా పెద్ద తప్పు. గుణుపురంలో కూర్చున్న తెలుగు ఖాతాదారుకు తెలుగు పేజీ కనిపించదు. గూగుల్ బాట్ (సైట్లు తిరిగి పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రాము) ఎక్కువగా అమెరికా నుంచి వస్తుంది కాబట్టి దానికి కూడా కొన్ని భాషల పేజీలు అందవు. పైన భాష మార్చుకునే లింకులు పెట్టండి, ఎంపిక వాళ్లకే వదిలేయండి.

అపోహ: పాత డొమైన్‌కు, పదేళ్లకు ఒకేసారి కట్టిన డొమైన్‌కు బలం ఎక్కువ

రెండూ ర్యాంకును పెంచవు. పదేళ్లకు కట్టడంలో ఉన్న మేలు రెన్యువల్ మర్చిపోయే భయం లేకపోవడమే. గడువు తీరిన పాత డొమైన్లను వాటి పూర్వపు పరపతి కోసం కొని వేరే సరుకు నింపడాన్ని 2024 మార్చిలో గూగుల్ స్పామ్ విధానాల్లో చేర్చింది. మీకు నచ్చిన పేరు ఇంతకుముందు ఎవరైనా వాడారేమో సైట్ల పాత రూపాలు దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో చూడండి. జూదమో, తెలియని విదేశీ భాషలో మందుల అమ్మకమో కనిపిస్తే ఆ పేరు వదిలేయండి.

అపోహ: ర్యాంకు రావడం లేదంటే పేరు మార్చాలి

పేరు మారిస్తే ముందు కొన్ని వారాలు ర్యాంకు ఊగిసలాడుతుంది. 2011లో ఒరిస్సా ఒడిశా అయింది కదా, మా డొమైన్‌లో పాత పేరుందే అని కంగారుపడేవాళ్లకు కూడా ఇదే జవాబు: పేజీల్లో ఒడిశా అని రాయండి, డొమైన్ అలాగే ఉండనివ్వండి.

మార్చక తప్పని పరిస్థితి వస్తే, పాత సైటులోని ప్రతి పేజీని కొత్త సైటులో దానికి సరిపోయే పేజీకే 301 చేయాలి. అన్నింటినీ కొత్త హోం పేజీకి మళ్లిస్తే గూగుల్ వాటిని లేని పేజీలుగా లెక్కేసుకునే ప్రమాదం ఉంది. తర్వాత గూగుల్ సైటు యజమానులకిచ్చే సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు సాధనం వాడాలి, దాని ప్రభావం 180 రోజులుంటుంది. రీడైరెక్టులను కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. మేమైతే పాత డొమైన్‌ను ఎప్పటికీ వదలొద్దంటాం. పాత విజిటింగ్ కార్డులు, కవర్ల మీద అచ్చయిన అడ్రసు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

అపోహ: సైటు చేసినవాళ్లే డొమైన్ కొన్నారు, కాబట్టి అది మనదే

డొమైన్ ఎవరి పేరున, ఎవరి ఈమెయిల్ మీద రిజిస్టరైతే వాళ్లదే. డబ్బు మీరు కట్టినా ఇందులో తేడా రాదు. సైటు చేసినవాళ్లు ఊరు మారినా, నంబరు మార్చినా రెన్యువల్ నోటీసు వాళ్ల మెయిల్‌కే పోతుంది. డాట్ కామ్‌కు గడువు తీరాక, డొమైన్ అమ్మిన సంస్థ అయిన రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల దాకా మామూలు ధరకే తిరిగి తీసుకునే వీలుండొచ్చు. తర్వాత 30 రోజుల రిడెంప్షన్ (విడిపించుకునే గడువు), అందులో మామూలు ధరకు ఎన్నో రెట్లు అడుగుతారు. ఆపైన 5 రోజులకు పేరు బజారున పడుతుంది, ముందు పట్టుకున్నవాళ్లదే అవుతుంది.

మీ సొంత ఈమెయిల్‌తో రిజిస్ట్రార్ దగ్గర ఖాతా తెరవండి. డొమైన్ ఇప్పుడు అదే రిజిస్ట్రార్ దగ్గర వేరేవాళ్ల ఖాతాలో ఉంటే, ఖాతా నుంచి ఖాతాకు మార్చమని అడగండి. వేరే రిజిస్ట్రార్ అయితే లాక్ (బదిలీని ఆపే తాళం) తీయించి, ఆథ్ కోడ్ (బదిలీకి కావాల్సిన రహస్య కోడ్) తీసుకుని బదిలీ చేయించండి. డాట్ కామ్ అయితే కొన్న మొదటి 60 రోజుల్లో ఈ బదిలీ కుదరదు. బదిలీ అయ్యాక రిజిస్ట్రంట్ (డొమైన్ సొంతదారు) పేరు దగ్గర జీఎస్టీ కాగితంలో ఉన్న మీ సంస్థ పేరే ఉందో లేదో చూసుకుని, ఆటో రెన్యువల్ ఆన్ చేసి, లాక్ మళ్లీ వేయండి.