జ్వరానికో లెక్క, ఎండకో లెక్క

మే నెలలో రెంటచింతలలో 45 డిగ్రీలంటే అమ్మో అంటాం. ఆ పూటే ఇంట్లో పిల్లాడికి 102 జ్వరమంటే నుదుట తడిగుడ్డ వేసి కూర్చుంటాం. మొదటిది సెల్సియస్, రెండోది ఫారెన్‌హీట్ అని ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఎండనీ జ్వరం కొలతలోనే చెబితే ఆ 45 కాస్తా 113 అవుతుంది.

1724లో డేనియల్ ఫారెన్‌హీట్ తన కొలత వివరాలు ప్రకటించాడు. మంచు, నీళ్లు, నవసాగరం అనే ఉప్పు కలిపితే వచ్చే చలి ఆయనకు సున్నా. వట్టి మంచునీళ్లు 32, ఒంటివేడి 96. తర్వాత నీరు మరిగే చోటు 212గా స్థిరపడింది. అంటే మంచు నుంచి మరుగు దాకా 180 మెట్లు. స్వీడన్‌లో ఆండర్స్ సెల్సియస్ 1742లో అదే దూరాన్ని 100 మెట్లు చేశాడు. కాకపోతే తలకిందులుగా: మరిగే నీటికి 0, గడ్డకట్టే నీటికి 100! తర్వాతివాళ్లు దాన్ని తిరగేశారు, మనం బతికిపోయాం.

కాబట్టి ఒక సెల్సియస్ మెట్టు 1.8 ఫారెన్‌హీట్ మెట్లకు సమానం. 1.8తో నోటిలెక్క కష్టమనిపిస్తే 45ను రెట్టింపు చేయండి, 90. అందులో పదోవంతు తీసేస్తే 81. దానికి 32 కలిపితే 113. ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన జవాబే. తిరుగుదారిలో మాత్రం 102లోంచి ముందు 32 తీసి, మిగిలిన 70ని 1.8తో భాగించాల్సిందే: సుమారు 38.9.

చాలామంది కాలు జారేది తేడాల దగ్గర. భూమి వేడిని 1.5 డిగ్రీల పెరుగుదల దగ్గర ఆపడానికి ప్రయత్నించాలని 2015 ప్యారిస్ ఒప్పందం చెప్పింది. దీన్ని ఫారెన్‌హీట్‌లోకి మారుస్తూ అలవాటుకొద్దీ 32 కలిపితే 34.7 వస్తుంది, ప్రళయమే! నిజానికి అది 2.7. రెండు కొలతల సున్నాలు వేరు కాబట్టే 32 కలుపుతాం. పెరుగుదలకు సున్నాతో పనేముంది?

ఇక మామూలు ఒంటివేడిగా చెప్పుకునే 98.6 సంగతి. చుక్క తర్వాత ఆ 6 చూసి ఎంతో సూక్ష్మంగా కొలిచారనుకుంటాం. జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ 1868లో వేలమంది రోగుల ఒంటివేడి చూసి చెప్పిన సగటు 37 సెల్సియస్. ఆ గుండ్రటి అంకెను మారిస్తే వచ్చిందే 98.6. పొద్దుటికంటే సాయంత్రం ఒళ్లు కాస్త వెచ్చగా ఉండటం మామూలేనని ఆయనకూ తెలుసు. అయినా థర్మామీటరు 98.8 చూపగానే మా ఇంట్లో బడి మానేసేవాళ్లు ఉన్నారు.