పోస్టాఫీసు ఖాతా తెరిస్తే డబ్బులు పడతాయా? అపోహలు, వాస్తవాలు

అపోహ: పోస్టాఫీసులో కొత్త ఖాతా తెరిస్తే ప్రభుత్వం డబ్బులు వేస్తుంది.

వేయదు. ఖాతా తెరిచినందుకు ఎవరూ ఎవరికీ పైసా ఇవ్వరు. ఏదైనా పథకానికి మీరు అర్హులై, జాబితాలో పేరు ఎక్కితేనే డబ్బు వస్తుంది. అది మీ పాత బ్యాంకు ఖాతాలోకి కూడా వస్తుంది. 2024 మే నెలాఖరులో బెంగళూరు జీపీఓ, అంటే నగరంలోని ప్రధాన పోస్టాఫీసు ముందు ఆడవాళ్లు పొద్దున్నే బారులు తీరారు. పోస్టాఫీసుల్లోనే నడిచే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతా తెరిస్తే నెలకు 8,500 రూపాయలు పడతాయని ఎవరో పుకారు పుట్టించారు. అక్కడి పోస్టాఫీసు వాళ్లు అది నిజం కాదని బోర్డు పెట్టాల్సి వచ్చింది. మన హైదరాబాద్‌లోనూ కొత్త పథకం పేరు వినపడగానే ఇలాంటి మాట వాట్సాప్‌లో బస్తీలన్నీ తిరిగి వస్తుంది.

పుకారు నమ్మిన వాళ్లకు లేని డబ్బు రాకపోవడం పెద్ద నష్టం కాదు. వస్తున్న డబ్బు కనపడకుండా పోవడమే అసలు నష్టం.

అపోహ: "నా గ్యాస్ సబ్సిడీ ఎవరో తినేశారు."

అబిడ్స్ జీపీఓలోనైనా, సందులో ఉన్న చిన్న సబ్ పోస్టాఫీసులోనైనా కౌంటర్ దగ్గర తరచూ వినపడే మాట ఇది: "పైసలు పడ్డయని మెసేజొచ్చింది సార్, బ్యాంకుకు పోతే ఖాతాల ఏం లేవంటున్రు." ఆ మాట అనేటప్పుడు వాళ్ల గొంతు వణుకుతుంటుంది. అమ్మా, భయపడకండి. నూటికి తొంభై మంది విషయంలో అని లెక్క చెప్పను గానీ, ముందు అనుమానించాల్సింది దొంగను కాదు, ఆధార్ మ్యాపింగ్‌ను.

గ్యాస్ రాయితీ, పీఎం కిసాన్ లాంటి డబ్బు ఆధార్ నంబరు మీద వస్తుంది. ఆ నంబరు మీద వచ్చే డబ్బును ఏ బ్యాంకుకు పంపాలో ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాపర్ అనే పట్టికలో రాసి ఉంటుంది. అందులో ఉండేది మీ ఖాతా నంబరు కాదు, బ్యాంకు పేరు. ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే ఉంటుంది, అది కూడా చివరిసారి సీడింగ్ చేసిన, అంటే ఈ పట్టికలో పేరు ఎక్కించిన బ్యాంకు. పోయిన నెల దాకా స్టేట్ బ్యాంకు ఉన్నా సరే, నిన్న పోస్టుమ్యాన్ దగ్గర పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరుస్తూ "సబ్సిడీలు ఈ ఖాతాకే రావాలా" అన్న ప్రశ్నకు ఊఁ అని ఉంటే, రేపటి నుంచి డబ్బు ఇటు తిరుగుతుంది. హడావుడిలో చాలామంది ఊఁ అనేస్తారు. ఆ ఒక్క మాటే అసలు కారణం.

బ్యాంకు ఖాతాకు ఆధార్ జతచేయడం వేరు, సబ్సిడీ కోసం సీడింగ్ చేయడం వేరు. నాలుగు బ్యాంకుల్లో ఆధార్ ఇచ్చి ఉండొచ్చు, సబ్సిడీ వెళ్లేది మాత్రం ఒక్కదానికే. "మా బ్యాంకులో ఆధార్ లింకు ఉంది కదా" అని వాదించేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

ఏం చేయాలంటే, ముందు మైఆధార్ వెబ్‌సైట్లో ఆధార్ నంబరు, ఫోన్‌కు వచ్చే ఓటీపీతో లాగిన్ అయి "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" నొక్కండి. బ్యాంకు పేరు, అది యాక్టివ్‌గా ఉందా లేదా అన్నది కనపడుతుంది. ఆధార్‌కు పాత ఫోన్ నంబరు ఉంటే ముందు ఆధార్ కేంద్రంలో అది మార్పించుకోవాలి. స్టేటస్‌లో పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు పేరు కనిపిస్తే డబ్బు అందులోనే ఉంటుంది, పోస్టాఫీసులో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు.

పాత బ్యాంకుకే రావాలనుకుంటే ఆ బ్యాంకు బ్రాంచికి వెళ్లి సీడింగ్ అంగీకార పత్రం నింపి, ఆధార్ జిరాక్స్‌తో ఇవ్వండి. ఇప్పుడు ఏ బ్యాంకులో సీడింగ్ ఉందో అడిగే గడిలో పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు అని రాయండి. ఆ గడి ఖాళీగా వదిలితే అభ్యర్థన తిరిగొచ్చే ప్రమాదం ఉంది. కొన్ని రోజులాగి మళ్లీ స్టేటస్ చూడండి. పేరు మారిందని కంటితో చూశాకే పోస్టు ఖాతా మూయించుకోవాలి. ముందే మూయిస్తే డబ్బు చేరే చోటు లేక పంపినవాళ్ల దగ్గరికే తిరిగిపోతుంది. దీనికి ఏ దళారీకీ రూపాయి ఇవ్వనక్కర్లేదు.

ఫోన్‌లో ఓటీపీతో తెరిచే డిజిటల్ ఖాతా విషయంలో ఇంకో చిక్కు ఉంది. 12 నెలల్లోపు పోస్టాఫీసుకు వెళ్లి వేలిముద్రతో కేవైసీ పూర్తి చేయకపోతే ఆ ఖాతా మూతపడుతుంది. ఏడాదికి మొత్తం జమ 2 లక్షలు దాటకూడదు. సబ్సిడీ ఇటు తిరిగి ఉండగా ఖాతా మూతపడితే పై తిప్పలే.

అపోహ: పోస్టుమ్యాన్ దగ్గర డబ్బు తీయాలంటే పోస్టు ఖాతా ఉండాలి.

అవసరం లేదు. ఆధార్ జతచేసిన ఏ బ్యాంకు ఖాతా అయినా చాలు. పోస్టుమ్యాన్ ఫోన్‌లో బ్యాంకుల జాబితా తెరిచి మీ బ్యాంకు పేరు ఎంచుకుంటాడు. పేరు తప్పు ఎంచితే "ఖాతా లేదు" అని వస్తుంది, అప్పుడు డబ్బు పోయిందని అనుకోకండి. వేలు సరిపోలలేదని వస్తే అది వేరే సమస్య. వంటింట్లో, బట్టలుతికే పనిలో, సిమెంటు పనిలో గీతలు అరిగిన చేతులకు ఇది మామూలే. సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకుని, వేలి కొన కాకుండా పొట్ట భాగం అద్దం మీద పరిచి, లైటు ఆరేదాకా కదపకుండా ఉంచండి. బొటనవేలు పడకపోతే చూపుడువేలు, ఉంగరపు వేలు ప్రయత్నించండి. పదే పదే ఫెయిలైతే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు అప్‌డేట్ చేయించాలి. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకున్నవాళ్లు ముందు అన్‌లాక్ చేయాలి.

ఒక లావాదేవీకి 10,000 రూపాయల వరకే తీయగలరు. నోట్లు లెక్కపెట్టుకున్నాక స్లిప్పు అడిగి తీసుకోండి. అందులో ఆ లావాదేవీని గుర్తించే 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్ నంబరు ఉంటుంది. ఖాతాలో డబ్బు తెగి చేతికి రాకపోతే ఈ నంబరే ఆధారం. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు సర్క్యులర్ ప్రకారం 5 రోజుల్లోపు తిరిగి జమ కావాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం రావాలి. మళ్లీ వేలు పెట్టమని అడిగితే, మొదటిది ఏమైందో బ్యాలెన్స్ చూపించమని ముందు అడగండి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకే రెండుసార్లు డబ్బు తెగిందని పరుగులు పెడతారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా, పేమెంట్స్ బ్యాంకు ఖాతా ఒకటే అనుకోవడం చాలా సాధారణం, కానీ రెండూ వేరు. సేవింగ్స్ ఖాతా తపాలా శాఖది, నంబరు 10 అంకెలు, ఐఎఫ్‌ఎస్‌సీ (డబ్బు పంపేటప్పుడు రాసే బ్యాంకు కోడ్) ఐపీఓఎస్0000డీఓపీ. పేమెంట్స్ బ్యాంకు ప్రభుత్వానిదే అయినా వేరే సంస్థ, 2018 సెప్టెంబరు 1న దేశమంతటా మొదలైంది. దాని ఐఎఫ్‌ఎస్‌సీ ఐపీఓఎస్0000001. కోడ్‌లో మొదటి నాలుగక్షరాలు ఒకటే కావడంతో ఒకదాని నంబరు పక్కన ఇంకోదాని కోడ్ రాస్తారు, డబ్బు వెనక్కి పోతుంది. పాస్‌బుక్ చూసి రాయండి.

పేమెంట్స్ బ్యాంకులో రోజు ముగిసేసరికి 2 లక్షలకు మించి ఉండకూడదు. సేవింగ్స్ ఖాతాతో లింకు చేయించుకుంటే మించినది అటు వెళ్తుంది. ఇల్లో పొలమో అమ్మిన డబ్బు ఇందులో వేయించుకోకండి.

పేమెంట్స్ బ్యాంకు ఎవరికీ తన సొంత డబ్బు అప్పుగా ఇవ్వకూడదు, రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకోవు. "ఇండియా పోస్ట్ లోన్, ముందు ఫీజు కట్టండి" అన్న ఫోన్ వస్తే కట్ చేయండి.

సేవింగ్స్ ఖాతాలో కనీసం 500 ఉంచాలి. ఆర్థిక సంవత్సరం చివరికి అంతకన్నా తక్కువ ఉంటే 50 రూపాయలు తెగుతాయి, నిల్వ సున్నాకు వస్తే ఖాతా మూతపడుతుంది. మూడు ఆర్థిక సంవత్సరాలు వరుసగా లావాదేవీ లేకపోతే ఖాతా సైలెంట్ అవుతుంది. అంటే డబ్బు పోయినట్టు కాదు. పాస్‌బుక్, కేవైసీ పత్రాలతో మీ పోస్టాఫీసులో దరఖాస్తు ఇస్తే మళ్లీ నడుస్తుంది. అత్తగారిదో నాన్నగారిదో పాత పాస్‌బుక్ బీరువాలో ఉంటే ఈ వారంలోనే బయటకు తీయండి.