బాలనెరుపు, జుట్టు రంగు: పార్లర్‌లో నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

విజయనగరంలో పద్నాలుగేళ్లుగా పార్లర్ నడుపుతున్నాను. మొదట్లో రంగు కోసం వచ్చేవాళ్లంతా నలభై దాటినవాళ్లే. ఇప్పుడు డిగ్రీ చదివే పిల్లలు కూడా పాపిడి దగ్గర వేలు పెట్టి, పక్క కుర్చీలో వాళ్లకి వినబడకుండా "అక్కా, ఇక్కడ చూడండి" అంటున్నారు. పాతికేళ్ల లోపే తెల్ల వెంట్రుకలు మొదలైతే మనవాళ్లు బాలనెరుపు అంటారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, కానీ ఆ నాలుగు వెంట్రుకలు కప్పబోయి చేసుకునే పొరపాట్లు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: మనది నల్ల జుట్టు కాబట్టి నల్ల రంగు వేస్తేనే సహజంగా ఉంటుంది.

ఎక్కువ మందిని దెబ్బతీసేది ఇదే, అందుకే ముందు దీని సంగతి. పోయిన దసరాకి ముందు బొబ్బిలి వైపు నుంచి ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. మూడోనాడు పెళ్లిచూపులు. "ఏటి సెయ్యమంటావమ్మా, మా గుంటకి పాతికేళ్లు కూడా నిండనేదు, నాలుగు తెల్లెంటికలు అవుపించాయని ఇంట్లో పేకెట్టు కలిపి ఎట్టీసింది" అంది. ఆ పిల్లకి నెరిసినవి చెవుల పైన ఓ పది, పాపిట్లో ఓ పదిహేను ఉంటాయేమో, వాటికోసం తలంతా కారునలుపు పట్టించేసింది. నుదుటి అంచున, చెవి మడతల్లో నల్ల మరకలు, జుట్టేమో మొదలు నుంచి చివరిదాకా ఒకటే రంగులో విగ్గు పెట్టుకున్నట్టుంది.

రంగు అందని ఒక పాయ మెడ వెనక దొరికితే ఆ అమ్మాయిని గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి ఎండలో పట్టుకుని చూపించాను. చింతపిక్క రంగు. పక్కనే రంగేసిన పాయ పెడితే బొగ్గులా, మెరుపన్నదే లేకుండా ఉంది. మన జుట్టు చాలామందికి నీడలో నలుపే కానీ ఎండలో ముదురు గోధుమ రంగు కనిపిస్తుంది, పైగా ఎండకి ఎక్కువగా తగిలే ముందు జుట్టు వెనక జుట్టుకంటే కాస్త లేతగా ఉంటుంది. షేడ్ నంబర్లలో 1 అంటే అచ్చ నలుపు, 3 ముదురు గోధుమ, 5 లేత గోధుమ. మనలో చాలామంది 2, 3 దగ్గరే ఉంటారు. అందుకే కొద్దిగా నెరిసినవాళ్లకి నేను 3 వేస్తాను, నుదుటి దగ్గర ఒక్కోసారి 4 కూడా. అప్పుడు ఆ తెల్ల వెంట్రుకలు ఎండ తగిలిన వెంట్రుకల్లా మిగతావాటిలో కలిసిపోతాయి, ఎవరూ "రంగేశావా" అని అడగరు. ఇంకోటి, ఒకసారి అచ్చ నలుపు వేశాక మీద ఎంత లేత రంగు వేసినా జుట్టు లేతబడదు. ఆ పిల్లకీ అదే చెప్పాను, మరకలు కొబ్బరినూనెలో ముంచిన దూదితో నెమ్మదిగా తీశాను గానీ నలుపు తీయడం మూడు రోజుల్లో అయ్యే పని కాదు.

అపోహ: ఒక్క తెల్ల వెంట్రుక కూడా కనబడకూడదు, కాబట్టి గట్టి రంగు వేయాలి.

పూర్తిగా నెరిసిన తలకి, ఇరవై వెంట్రుకలు నెరిసిన తలకి ఒకే మందు అక్కర్లేదు. పర్మనెంట్ రంగు వెంట్రుక లోపలికి దిగి అక్కడే ఉండిపోతుంది, జుట్టేమో నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, దాంతో నెల తిరక్కుండానే పాపిట్లో తెల్ల గీత. అది చూసి టెన్షన్‌తో మళ్లీ తలంతా వేసేస్తారు, అలా ఒకే వెంట్రుక మీద పొర మీద పొర పడి జుట్టు చీపురుపుల్లల్లా తయారవుతుంది. కొంచెమే నెరిసినవాళ్లు డెమీ పర్మనెంట్ అడగండి. అందులో డెవలపర్ (రంగు పట్టడానికి కలిపే మందు) బలం తక్కువ, ఇరవై పైచిలుకు తలస్నానాల్లో మెల్లగా వెలిసిపోతుంది, గీత కూడా అంత కొట్టొచ్చినట్టు కనబడదు. సగానికి పైగా నెరిసినవాళ్లకి మాత్రం ఇది పూర్తిగా కప్పదు, ఆ సంగతి ముందే తెలుసుకుని వేయించుకోండి.

ఇంట్లో వేసుకుంటే తలంతా పట్టించకండి. పాత టూత్‌బ్రష్ శుభ్రంగా కడిగి, దాని మొనతో నెరిసిన చోట మాత్రమే మొదళ్ల వెంట తేలిగ్గా లాగండి. నుదుటి అంచుకి, చెవులకి ముందు కాస్త వాజెలిన్ రాసుకోండి. పేకెట్టు మీద రాసిన టైమ్ దాటి ఉంచితే ఇంకా బాగా పడుతుందనుకోవద్దు, తల మంటే మిగులుతుంది. రంగు జోలికి వెళ్లేముందు పాపిడి కాస్త పక్కకి జరిపి, తిన్నగా కాకుండా వంకరగా తీసి చూడండి. సగం మందికి ఆ పనితోనే సరిపోతుంది, నేనైతే వాళ్లని రంగు లేకుండానే పంపేస్తాను.

అపోహ: అమ్మోనియా లేదని రాసుంది, హెర్బల్ అని రాసుంది, ఇంకా టెస్ట్ ఎందుకు?

అమ్మోనియా పని వెంట్రుక పొరని తెరవడం, దాని ఘాటు వల్ల కళ్లు మండుతాయి. ఎలర్జీకి ఎక్కువసార్లు కారణమయ్యేది పీపీడీ అనే వేరే రసాయనం, అది అమ్మోనియా లేని రంగుల్లోనూ ఉండొచ్చు. నేను పార్లర్ పెట్టిన కొత్తల్లో, ఏళ్ల తరబడి అదే రంగు వాడుతున్న ఒకావిడకి "మీకు అలవాటే కదా పిన్నీ" అని టెస్ట్ చేయకుండా వేసేశాను. మర్నాడు పొద్దున్నే వాళ్లబ్బాయి ఫోన్. వెళ్లి చూస్తే ఆవిడ కళ్లు తెరవలేకపోతోంది, రెప్పలు బూరెల్లా పొంగిపోయాయి, చెవుల వెనక నీరు కారుతోంది. డాక్టర్ మందులతో తగ్గడానికి వారం పైనే పట్టింది. తప్పు నాదే. ఎన్నేళ్లు పడినా ఒక రోజు పడకపోవచ్చని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత టెస్ట్ లేకుండా ఎవరి తలా ముట్టుకోలేదు.

టెస్ట్ అంటే పెద్ద పనేం లేదు. పేకెట్టులో చెప్పినట్టు కొద్దిగా రంగు కలిపి చెవి వెనకో మోచేతి మడతలోనో బొట్టంత పెట్టి 48 గంటలు ఆగడమే. దురదో ఎరుపో దద్దురో వస్తే ఆ రంగు మీది కాదు, కంపెనీ మార్చి చూద్దామని కూడా అనుకోవద్దు, ముందు చర్మ డాక్టర్ని కలవండి. ముఖం వాచినా ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లిపోవాలి. కనుబొమలకి, కనురెప్పలకి తల రంగు అస్సలు వాడొద్దు.

అపోహ: గోరింటాకు పెడితే నల్లబడుతుంది, పైగా ఏ హానీ లేదు.

మా అమ్మమ్మ గోరింటాకు పొడి టీ డికాక్షన్‌లో కలిపి రాత్రంతా ఇనుప మూకుట్లో నానబెట్టేది. రంగు కాస్త ముదురుతుంది, నిజమే, కానీ అచ్చమైన గోరింటాకు ఏ మూకుట్లో నానినా నలుపు ఇవ్వదు. తెల్ల వెంట్రుక మీద అది నారింజ రంగే. ముదురు రంగు కావాలంటే ముందు గోరింటాకు పెట్టి కడిగేసి, తర్వాత నీలి ఆకు (ఇండిగో) పొడి గోరువెచ్చని నీళ్లలో కలిపి వెంటనే పెట్టాలి. మొదటి రోజు ఆకుపచ్చగా కనబడితే కంగారుపడకండి, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. అందుకే ఫంక్షన్ ముందురోజు ఈ పని పెట్టుకోవద్దు. నీలి ఆకు పొడి అడిగితే కిరాణా కొట్లో బట్టలకి వాడే నీలిమందు ఇచ్చినవాళ్లున్నారు, అది తలకి పెట్టేది కాదు. ఇక పది నిమిషాల్లో నల్లబరిచే "నల్ల మెహందీ" పేకెట్లు తిప్పి వెనక అక్షరాలు చదవండి. చాలావాటిలో నలుపు ఇచ్చేది ఆకు కాదు, పీపీడీ.

అపోహ: ఒకటి పీకితే పది వస్తాయి.

రావు. ఏ కుదురు దానిదే. అయినా పీకొద్దు, పీకిన చోటే మళ్లీ మళ్లీ పీకితే కుదురు దెబ్బతిని పాపిడి పలచబడుతుంది. చిన్న కత్తెరతో మొదట్లో కత్తిరించండి, చాలు. రంగు వేస్తే మిగతావి కూడా నెరుస్తాయన్నదీ ఇలాంటిదే. వెంట్రుకకి రంగు పుట్టేది చర్మం లోపల, మనం వేసేది బయటికొచ్చిన వెంట్రుకకి.

అపోహ: నూనె మారిస్తే మళ్లీ నల్లబడుతుంది.

ఉద్దానం కొబ్బరి పండే నేల పక్కన ఉన్నాం, కొబ్బరినూనె మీద నాకూ ప్రేమే, వెంట్రుక చిట్లకుండా కాపాడుతుంది. నెరుపుని మాత్రం ఏ నూనే వెనక్కి తిప్పదు. చాలామందికి ఇది అమ్మ వైపు నుంచో నాన్న వైపు నుంచో వచ్చేదే. కానీ చిన్న వయసులో ఒక్కసారిగా పెరిగితే బీ12, థైరాయిడ్, ఐరన్ పరీక్షలు చేయించుకోమని నేనే పంపుతాను. కారణం అక్కడ ఉంటే చికిత్సతో కొందరికి రంగు తిరిగి రావడం కూడా ఉంది. సిగరెట్ కాల్చే తమ్ముళ్లూ, మీ నెరుపులో దాని పాత్ర కూడా ఉండొచ్చు.

ఒక్క రోజు కోసమైతే మొదళ్లకి అద్దే స్టిక్, పౌడర్ ఉన్నాయి, తలస్నానంతో పోతాయి. కానీ సిరిమానోత్సవం నాడు పైడితల్లమ్మ గుడి దగ్గర ఆ జనంలో, ఆ ఉక్కలో నిలబడేవాళ్లు పెట్టుకోవద్దు, చెమటకి నుదుటి మీదికి కారుతుంది.

బొబ్బిలి అమ్మాయి పెద్ద పండక్కి మళ్లీ వచ్చింది. మూడు సెంటీమీటర్ల పైన సొంత జుట్టు పెరిగింది. రెండు రోజుల ముందే చెవి వెనక టెస్ట్ పెట్టించాను. కింది నలుపుని ముట్టుకోకుండా, పెరిగిన మొదళ్లలో నెరిసినవాటికి మాత్రం 3వ నంబర్ డెమీ సన్న బ్రష్‌తో లాగాను, చివర్లలో రెండంగుళాలు కత్తిరించాను. కడిగి ఆరబెట్టాక తనే అద్దం వదిలి గుమ్మం దగ్గరికి వెళ్లి, ఒక పాయ ఎండలో పట్టుకుని చూసుకుంది.