త్రీడీ ఎలివేషన్: అపోహలు - వాస్తవాలు

కర్నూలులో ఇల్లు మొదలుపెట్టేవాళ్లు చాలామంది ప్లాన్ ఖాయం కాకముందే త్రీడీ ఎలివేషన్ అడుగుతారు, అంటే కట్టాక ఇల్లు ముందు నుంచి ఎలా ఉంటుందో చూపే కంప్యూటర్ బొమ్మ. ఆ బొమ్మలు చేసేవాడిగా నేను రోజూ వినే మాటలు కొన్ని.

అపోహ: బొమ్మలో ఉన్నట్టే ఇల్లు వస్తుంది.

వాస్తవం: ఎండ దగ్గరే తేడా వచ్చేస్తుంది. కల్లూరు వైపు నార్త్ ఫేసింగ్ ఇల్లు అనుకోండి. సెప్టెంబరు చివరి నుంచి మార్చి మూడో వారం దాకా ముందు గోడకు నేరుగా ఎండ తగలదు, సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. బొమ్మలో మాత్రం గోడంతా బంగారు వెలుగు, గ్రూవుల (గోడ మీద తీసే గాడుల) కింద చక్కటి నీడలు! స్కెచప్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఊరు, తేదీ, టైము ఇస్తే అసలు నీడ ఎక్కడ పడుతుందో తెలిసిపోతుంది. అయినా ఎండను అందంగా ఉన్నవైపు తిప్పేయడమే మా వాళ్లకు అలవాటు. గ్రూవులకు డబ్బు పెట్టేముందు డిసెంబరు పొద్దున 10 గంటల వ్యూ ఒకటి అడగండి.

కెమెరా సంగతీ అంతే. 20 అడుగుల రోడ్డులో నిలబడి జీ ప్లస్ టూ (కింద ఒకటి, పైన రెండు అంతస్తుల) ఇల్లు చూడాలంటే మెడ ఎత్తాల్సిందే. మేమేమో ఎదురిల్లు తీసేసి, కెమెరా వెనక్కి జరిపి, వైడ్ యాంగిల్ పెడతాం. సందు కాస్తా హైవే అయిపోతుంది. గేటు ముందరి కరెంటు స్తంభం మాయం. ఎదురింటి గోడ దగ్గర, మనిషి కంటి ఎత్తులో ఇంకో వ్యూ తీయించుకోండి.

అపోహ: ఎంత మెరిస్తే అంత క్వాలిటీ.

వాస్తవం: కడప బండ పాలిష్ పడితే నల్లగా నిగనిగలాడుతుంది, లేకుంటే బూడిద రంగులో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ లైబ్రరీలోని నల్లరాయి ఏ దేశానిదో! మీరు కొనబోయే బండనే నీడలో ఫోటో తీసి పంపండి. మెరుపు తగ్గినా, తర్వాత "ఇదేంది సార్, ఆ రంగు కాదే" అనే గొడవ ఉండదు.

అపోహ: ఏఐ ఉండగా మీరెందుకు?

ఐడియా కోసం నేనూ వాడతాను. కానీ రంగు మార్చమంటే అది కిటికీని కూడా జరపొచ్చు. దానికి మీ కొలతలతో పనిలేదు.

అపోహ: మేస్త్రీకి బొమ్మ చూపిస్తే చాలు.

చాలదు. ఆ బొమ్మ మీద స్కేలు పెట్టి కొలవలేం. సన్‌షేడ్ ఎంత రావాలో, పైపు ఎటు దిగాలో కొలతలు వేసిన వర్కింగ్ డ్రాయింగే చెప్పాలి. అన్నట్టు, ఈ బొమ్మల్లో ఏసీ ఔట్‌డోర్ యూనిట్, నీళ్ల ట్యాంకు ఎప్పుడైనా చూశారా? రెండూ పెట్టి చూపించమనండి. వాటికి చోటెక్కడో స్లాబ్ పడకముందే తేలిపోతుంది.