ఫ్రాన్స్ లోపల తొమ్మిది కుర్చీల స్పెయిన్ ఊరు

లీవియాకు నాలుగు వైపులా ఫ్రాన్సే. ఊరు మాత్రం స్పెయిన్‌ది, కాటలోనియాలోని జిరోనా ప్రావిన్సుకు చెందినది. విస్తీర్ణం 13 చదరపు కిలోమీటర్ల లోపు, జనాభా సుమారు 1,500. పిరనీస్ కొండల మధ్య 1,200 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న సర్దాన్యా లోయలో ఉంటుంది.

ఈ తిరకాసు 1659 నాటిది. పిరనీస్ ఒప్పందంలో కొండల వరసే రెండు రాజ్యాల సరిహద్దు అని రాసుకున్నారు. సర్దాన్యా దగ్గర ఆ సూత్రం పని చేయలేదు. లోయ విశాలం, ఎక్కడ గీత గీసినా ఎవరో ఒకరి పొలం తెగుతుంది. మరుసటి ఏడాది లీవియాలోనే కూర్చుని 33 గ్రామాలను ఫ్రాన్స్‌కు రాసిచ్చారు. లీవియాకు అప్పటికే పట్టణ హోదా ఉంది కనుక గ్రామాల లెక్కలోకి రాదని స్పెయిన్ పట్టుబట్టి నిలబెట్టుకుంది. అక్కడ మళ్లీ కోట కట్టకూడదన్నది ఫ్రాన్స్ పెట్టిన షరతు.

గీత ఎలా ఉన్నా నీళ్లు, పశువులు దాన్ని ఖాతరు చేయవు. సేగ్రె నది ఫ్రాన్స్‌లో పుట్టి, లీవియా మీదుగా పారి, మళ్లీ ఫ్రాన్స్‌ను దాటుకుని పుజ్‌సర్దా పట్టణం దగ్గర స్పెయిన్‌లో ప్రవేశిస్తుంది. లీవియా మందలకు ఫ్రాన్స్ వైపు కార్లిట్ కొండ మీద మేత హక్కుంది. సరిహద్దు వివరాలను 1866 బయోన్ ఒప్పందంలో తేల్చారు. పుజ్‌సర్దాకు పోయే కొద్ది కిలోమీటర్ల దారిని రెండు దేశాలూ తటస్థ మార్గంగా ఒప్పుకున్నాయి. అయినా 1970ల్లో, ఫ్రెంచి రోడ్డు అడ్డొచ్చే చోట అధికారులు స్టాప్ బోర్డులు పాతడం, లీవియా జనం పీకెయ్యడం చాలాకాలం నడిచింది. చివరికి వంతెన కడితే గానీ గొడవ సద్దుమణగలేదు.

ఊరి పాలన అజుంతమెన్‌ది, అంటే పురపాలక మండలిది. స్పెయిన్ చట్టం ప్రకారం 251 నుంచి 1,000 జనాభాకు 7 గురు సభ్యులు, 1,001 నుంచి 2,000 వరకు 9 మంది. నాలుగేళ్లకోసారి, మే నెల నాలుగో ఆదివారం ఎన్నిక. ఓటు వ్యక్తికి కాదు, అభ్యర్థుల జాబితాకు.

కుర్చీల పంపకం ఇలా ఉంటుంది. చెల్లిన ఓట్లు 800 అనుకుందాం: క జాబితాకు 390, ఖ జాబితాకు 256, గ జాబితాకు 115, ఘ జాబితాకు 32, ఎవరికీ వేయని ఖాళీ ఓట్లు 7. ఖాళీ ఓట్లు కూడా చెల్లినట్టే లెక్క. 5 శాతం, అంటే 40 ఓట్లు రానందున ఘ జాబితా ముందే పోతుంది. మిగిలిన మూడింటి ఓట్లను 1, 2, 3, 4... లతో భాగించి, వచ్చిన అంకెల్లో పెద్దవి తొమ్మిది ఏరుతారు. క జాబితాకు 390, 195, 130, 97.5, 78 వస్తాయి. ఖ జాబితాకు 256, 128, 85.3, గ జాబితాకు 115. కుర్చీలు 5, 3, 1. సగం ఓట్లు రాకుండానే మెజారిటీ! ఆ చివరి 78 మీదే ఊరి అధికారం ఆధారపడింది. మేయర్‌ను సభ్యులే ఎన్నుకుంటారు. ఎవరికీ 5 ఓట్లు రాకపోతే, జనం ఓట్లు ఎక్కువొచ్చిన జాబితాలో మొదటి పేరుకే పదవి. ఆ తర్వాత దించాలన్నా అయిదుగురు సంతకం పెట్టాలి, కొత్త మేయర్ పేరు కూడా అందులోనే రాయాలి.

తాగునీరు, మురుగు, చెత్త, వీధి దీపాలు, శ్మశానం: ఎంత చిన్న ఊరైనా ఇవి తప్పవు. సర్దాన్యాలో చిక్కు సెలవు ఇళ్లతో వస్తుంది. వాటి యజమానులు ఇంటిపన్ను కడతారు గానీ, పేరు నమోదయ్యేది బార్సిలోనాలోనో మరోచోటో. కేంద్రం వాటా ఇచ్చేది ముఖ్యంగా నమోదైన జనాభాను బట్టి. పైపులు మాత్రం సెలవుల రద్దీకి సరిపడా వేయాలి.

మూడు నెలలకోసారైనా మండలి సమావేశం జరగాలి. కోరం మూడింట ఒక వంతు, కనీసం ముగ్గురు. సభ్యులంతా వచ్చినా కార్యదర్శి గానీ, ఆయన స్థానంలో చట్టబద్ధంగా నియమితులైనవారు గానీ లేకపోతే సమావేశం చెల్లదు. చిన్న ఊళ్లలో చట్టం చూసేదీ, లెక్కలు చూసేదీ ఆ ఒక్కరే. పోటీ పరీక్ష నెగ్గి వచ్చే ఈ ఉద్యోగులకు కొండ ఊళ్లలో ఎప్పుడూ కరువే. ఆ కుర్చీ ఖాళీ అయితే బడ్జెట్ తీర్మానం దాకా అన్నీ ఆగిపోతాయి.